పన్నెండో సీసా

మొన్న గోదావరి వరద ఇంట్లోకి వచ్చి వెళ్లాక, పోయినవన్నీ లెక్క రాశాను. బియ్యం రెండు బస్తాలు, పరుపులు మూడు, కుట్టుమిషను ఒకటి, పాత లెక్కల పుస్తకం ఒకటి, గాజుసీసాలు పదకొండు. పన్నెండో సీసా అటక మీద మిగిలింది. దానికి నేను అతికించిన కాగితప్పట్టీ, పట్టీ మీద వంద గీతలు చెక్కుచెదరలేదు. ఇరవయ్యేళ్ల కిందట మా మావయ్య కోసం గీసినవి అవి.

మావయ్యకు మెట్టకూరులో వెల్డింగు షాపు ఉండేది. అంతకుముందు చుట్టుపక్కల చమురు బావుల దగ్గర పంపులు బాగుచేసేవాడు. నూనెతో పాటు నీళ్లనూ అంత లోతునుంచి లాగి, పైన వేరుచేసి, మళ్లీ భూమిలోకి తోయడం ఆయనకు నచ్చేది కాదు. బావి అడుగునే వేరుచేస్తే పంపు నూనెనే మోస్తుంది కదా అనేవాడు. అందుకని రేకుతో పొడవాటి గరాటా ఒకటి చేశాడు. నూనె నీళ్లను అందులోకి పక్కనుంచి వేగంగా వదిలితే గిర్రున తిరిగి, బరువైన నీళ్లు అంచుకు, తేలికైన నూనె మధ్యకు చేరాలి. కవ్వం లేకుండా వెన్న తీయడమని అత్తయ్యకు చెప్పాడు. వెన్నయితే ఇంట్లోకి పనికొచ్చేదని ఆవిడ అంది.

కొలవడం నా పని. చదువు పదితో ఆగినా లెక్కలు నాకు సొంతంగా పట్టుబడ్డాయి. గరాటా వదిలిన నీళ్లను సీసాలో పట్టి, గంటసేపు కదపకుండా ఉంచి, పైకి తేలిన నూనె ఎన్ని గీతలుందో లెక్కల పుస్తకంలో రాయాలి; గీతలు తగ్గేకొద్దీ గరాటా బాగా వేరుచేసినట్టు. ఒక్క చుక్క పాత జిడ్డు ఉన్నా అంకె తప్పుతుందని సీసాలు రెండుసార్లు సబ్బుపొడితో తోమేదాన్ని. కుళాయి వచ్చేది గంటే కనుక నీళ్లతో ఒక్కసారే కడిగేదాన్ని.

నూనె తేలలేదు. పన్నెండు సీసాల్లోనూ పాలలాంటి నీళ్లే, అంటే గరాటా నూనెను వేరుచేయకుండా నీళ్లలో కలిపేసిందనే అనుకున్నాం. ఎన్నోసార్లు అడగ్గా చూడ్డానికొచ్చిన చమురు కంపెనీ ఇంజనీరుగారు వాటిని చూసి, టీ తాగి వెళ్లిపోయారు. మర్నాడు మావయ్య గరాటాను కోసేసి, ఆ రేకుతో ఎవరి పడవ ఇంజనుకో మూత చేసిచ్చాడు.

ఆ సాయంత్రం నేను సీసాలు కడుగుతుంటే అత్తయ్య నురగకేసి చూసింది.

"జిడ్డు గిన్నెకి సబ్బేత్తే జిడ్డు నీళ్లల్లో కలిసిపోద్ది కదే. ఈటికీ సబ్బే ఏసేవా?"

నూనెను తేలనివ్వనిది గరాటా కాదు, నేను. తిట్లకు సిద్ధపడి షాపుకి వెళ్లి చెప్పాను. మావయ్య వెల్డింగు ఆపి విన్నాడు. తర్వాత నవ్వాడు.

"లెక్క తప్పలేదు కోడలా, శుభ్రమే ఎక్కువైంది. ఇంకోటి చేత్తాన్లే. ఆ మొదటిదాని అంకె మాత్రం నువ్వు నాకు బాకీ."

తర్వాత మరో మూడు గరాటాలు చేశాడు. ఉత్తనీళ్లతో కడిగిన సీసాల్లో తొమ్మిది, ఏడు, ఎనిమిది గీతలొచ్చాయి. మొదటిదాని వాలు మళ్లీ చేతికి రాలేదని పోయేదాకా అంటూనే ఉన్నాడు. పుస్తకం వరదకు పోయినా అందులో మొదటిదాని అంకె రాయని ఖాళీ గడి నా కళ్లముందే ఉంది. గంటసేపు కదపొద్దన్న సీసా ఇరవయ్యేళ్లు ఖాళీగా, కదలకుండా ఉంది. మొదటిదానికి ఎన్ని గీతలొచ్చేవో మావయ్యకు ఇప్పటికీ చెప్పలేను.