తుమ్ముల మామయ్య

తుమ్ముల మామయ్య తుమ్మాడంటే ఆడిషన్ ఆగిపోయినట్టే. ఆయన తుమ్మని రోజంటూ లేదు.

సినిమా వేషాల కోసం వచ్చేవాళ్ళను ఒక చిన్న గదిలో, తెల్లగుడ్డ ముందు నిలబెట్టి వీడియో తీస్తారు. కెమెరా పక్కన నిలబడి ఎదుటి పాత్ర మాటలు చదవటం మామయ్య ఉద్యోగం. తండ్రయినా ఆయనే, ప్రియురాలయినా ఆయనే. గొంతు మాత్రం రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతు. మధ్యలో ఉన్నట్టుండి తుమ్ము. లోకంలో పిల్లి తుమ్ములున్నాయి, చేతిరుమాలులో దాచుకునే మర్యాద తుమ్ములున్నాయి. మామయ్యది వంటింట్లో గిన్నెల అలమర కూలిన తుమ్ము. దాని దెబ్బకు ఒకసారి లైటు స్టాండు ఒరిగిందని కెమెరా అతను ఒట్టేసి చెబుతాడు.

నటుల్ని ఎంపిక చేసే మేడం ఆ గదికి ఒక నియమం పెట్టింది. డైలాగు మరిచిపోయినవాళ్ళు ఇంటికి. పొరపాటు మనవాళ్ళదైతే మాత్రం మళ్ళీ తియ్యాలి. అందుకే తుమ్మినప్పుడల్లా పని రెట్టింపు. ఆవిడ గది దులిపించింది, సెంటు పూసుకొచ్చినవాళ్ళను వరండాలోనే ఆపింది. చివరికి ఓపిక నశించింది.

"రేపు తుమ్ము వినబడితే ఇంకొకర్ని చూసుకుంటాను మామయ్యా."

"తుమ్ము మనిషి చేతిలో ఉంటుందా తల్లీ?"

"ఉద్యోగం నా చేతిలో ఉంది."

"అయితే తుమ్మను."

ఆ జవాబు ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది. పాత వీడియోలు వేసుకుని చూసింది. గడగడా అప్పజెప్పేవాళ్ళ ముందు మామయ్య ముక్కు దివ్యంగా ఉంది. ఎవరి చూపు తేలిపోయి, మాట అందక, పెదవి వణికిందో, సరిగ్గా అక్కడే తుమ్ము.

మర్నాడు బస్సు కండక్టరమ్మ ఒకామె డ్యూటీ మధ్యలో యూనిఫారంలోనే వచ్చింది. "ఇవాళ పర్మిషన్ ఇవ్వడమే గగనమైందండీ, మళ్ళీ ఇవ్వరు" అంది. తల్లి వేషం. బస్సు నిండా జనాన్ని గదమాయించే మనిషి సగం చెప్పి నిలిచిపోయింది.

మేడం మామయ్య వంక చూసింది. ఆయన పెదవులు బిగించి, కాగితం నలుపుతూ, పైకప్పు చూస్తున్నాడు.

"హాచ్" అని వినబడింది.

కెమెరా అతను తల తిప్పాడు. "మీరా మేడం?"

"దుమ్ము. తప్పు మనదే, మళ్ళీ తీద్దాం. అమ్మా, కాసిని మంచినీళ్ళు తాగి రా."

రెండోసారి కండక్టరమ్మ చెబుతుంటే కెమెరా అతను కట్ చెప్పడం మరిచిపోయాడు. వేషం ఆమెకే ఖాయమైంది.

ఆమె వెళ్ళాక మామయ్య మెల్లగా దగ్గరికి చేరాడు.

"ఏమీ అనుకోకు తల్లీ. తుమ్మేముందు ముక్కుపుటాలు అదరాలి, కళ్ళు సగం మూతపడాలి. నువ్వు ఏకంగా తుమ్మేశావు."

"అంత బాగాలేదా?"

"మన ఆడిషన్‌కొచ్చి అలా తుమ్మితే, నువ్వే ఇంటికి పంపించేదానివి."