సగం ప్లేటు

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. టైఫాయిడ్‌తో అహేరి ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులు ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: ఇంకో పదిహేను రోజులు గంజి, పాలు, మెత్తటి అన్నం తప్ప ఏమీ పెట్టొద్దు, పేగులు పుండులా ఉంటాయి, కారం, నూనె తగలకూడదు.

నేను బడిలో చదివింది రెండో తరగతే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మా ఊరు అంకిసలో పొలం కొలతకైనా, వడ్ల తూకానికైనా నా దగ్గరికే వచ్చేవారు. ఆ రోజూ లెక్క వేశాను. ఆరింటికి బస్సు, పదిన్నరకు సిరోంచ, పదకొండుకు అంకిస బస్సు, పన్నెండు దాటకుండా ఇల్లు. పొద్దున పిల్ల తాగిన గ్లాసు గంజి అంతవరకు ఆగుతుందనుకుని వెంట ఏమీ పెట్టుకోలేదు.

దారిలో వాగు పొంగింది. సిరోంచ చేరేసరికి మూడు. అంకిసకు తర్వాతి బస్సు ఐదుకు.

స్టాండు చుట్టూ మూడు హోటళ్లు. మూడూ తిరిగాను. భజ్జీలు, సమోసాలు, వేయించిన మిరపకాయలు, చివడా, సేవు, ఎర్రటి ఉసల్ కూర. ఎక్కడ చూసినా నూనె, లేకపోతే కారం. అన్నం ఒంటిగంటకే అయిపోయింది. పాలన్నీ చాయ్‌లో కలిపేశారు, బిస్కెట్లు అయిపోయాయి. అరటిపళ్లు అంగడి రోజునే దొరుకుతాయి.

మూడో హోటలాయనను గంజి ఉందా అని అడిగాను.

“గంజికి హోటలెందుకు పటేలా, ఇల్లుండగ?” అని నవ్వాడు. పక్క బల్ల మీదివాళ్లూ నవ్వారు.

“పోరగాండ్లకు ఏం పెడ్తరు మీరు?”

“వేరే ఏముంటది? పెద్దోళ్లు తినేదే. సగం ప్లేటు.”

పిల్ల భజ్జీలు వేగుతున్న మూకుడు వైపు చూస్తోంది. “బాపూ, ఒక్కటే తింట,” అంది. పంతొమ్మిది రోజుల తర్వాత అది నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు.

సగం ప్లేటు తెప్పించాను. నాలుగు భజ్జీలు. ప్లేటులో సగమైతే నూనె సగం, కారం సగం, కీడూ సగమే అనుకున్నాను. పిల్ల నాలుగూ తిన్నది. చివరిది తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా వదలలేదు. ఆ చుట్టుపక్కల ఏ ఇంటి తలుపు తట్టినా ఇంత గంజి పోసేవాళ్లే. బిడ్డ కోసం చెయ్యి చాపడం నాకు చిన్నతనం అనిపించింది.

ఇంటికి రాగానే నా భార్య పిల్లను ఎత్తుకుని అడిగింది. “తొవ్వల ఏం పెట్టినవ్?”

“పాలు, బిస్కెట్లు,” అన్నాను.

మర్నాడు పొద్దున కడుపునొప్పి మొదలైంది. “పాలే కదా తాగింది, ఆకలి నొప్పయి ఉంటది,” అని నా భార్య గంజి పలచగా కాచి పోసింది. వాము నీళ్లు తాగించింది. నాకు తెలుసు. సగమే కదా, తగ్గుతుంది అని రెండు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు కడుపు బల్లలా గట్టిపడింది.

మళ్లీ అహేరి. డాక్టరు కడుపు నొక్కి చూసి, ఏం తిన్నదని హిందీలో అడిగాడు. నా భార్య నాకంటే ముందే, ఏమాత్రం తడుముకోకుండా, “పాలు, బిస్కెట్లు సార్,” అంది. అంతకుమించి ఆగలేకపోయాను. నిజం చెప్పాను. డాక్టరు ఎప్పుడు అని అడిగాడు. డెబ్బై గంటలైంది అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూసి, మళ్లీ పిల్ల వైపు తిరిగాడు.

చంద్రపూర్ పెద్దాస్పత్రికి తీసుకుపోయే జీపు రాకముందే, మధ్యాహ్నం, పిల్ల పోయింది.

భజ్జీల వల్లేనా అని తర్వాత డాక్టరును అడిగాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఒక రోజు ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ని అన్నాడు, అంతే.

ఐదేళ్లవుతోంది. సిరోంచ స్టాండులో ఇప్పుడు ఐదు హోటళ్లు ఉన్నాయి. పిల్లలకు ఇప్పటికీ ఆ సగం ప్లేటే. తల్లులు ఒక్కో భజ్జీ తుంచి, ఊది నోట్లో పెడుతుంటే అటు చూడలేక లేచిపోతాను.

నా భార్య ఆ మాట చాలాకాలం ఎత్తలేదు. నిరుడు నాట్ల వేళ, గట్టు మీద నా పక్కన కూర్చుని, ముఖం నా వైపు తిప్పకుండా అంది:

“పెట్టినందుకు నిన్నేమనను. ఆకలైన పొల్ల అడిగితె ఎవలైన పెడ్తరు. ఇంటికొచ్చినంక నాకెందుకు చెప్పలే?”

జవాబు కోసం ఆగకుండా లేచి మడిలోకి దిగింది.