ఓడగదిలో బాపు ముడి

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఒక పొద్దున నా కుడి చెయ్యి నాది కాకుండా పోయింది. చాయ్ గ్లాసు అందుకోబోతే వేళ్లు కదలలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. పక్షవాతం అన్నారు డాక్టర్లు. మాట మెల్లగా తిరిగొచ్చింది గానీ చెయ్యి రాలేదు. ఏళ్ల తరబడి పత్రికకు వార్తలు రాసిన చెయ్యి, అంతకంటే ముందు మా నాన్న, మా బాపు పక్కన నిలబడి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, తెగిన పోగులు ముడేసిన చెయ్యి, కరీంనగర్‌లో మా అద్దింటి వరండాలో తడి తువ్వాలలాగా ఒళ్లో పడి ఉండేది!

అప్పటికి నాకూ నా భార్య సునందకూ ఇల్లంటే ఒక ఓడ. రేవు నుంచి రేవుకు తిరుగుతూ పేదలకు ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఓడలో ఆమె నర్సు, నేను రోగుల కథలు రాసి సంఘాలకు పంపేవాణ్ణి. సెలవుకు ఊరికి వచ్చినప్పుడే ఈ దెబ్బ తగిలింది.

ఆ ఓడలో మా గది ఎంతని చెప్పను! ఒకరు నిలబడితే ఇంకొకరు మంచం ఎక్కాలి. మొదటి రోజు సునంద తలుపు దగ్గరే ఆగి, “ఏమయ్యా, ఇది అర్రనా, మా అవ్వ వడ్లు పోసుకునే గుమ్మినా?” అంది. ఆ గుమ్మిలోనే ఎన్ని రేవులు చూశామో! పై మంచం నాది, కింది మంచం ఆమెది. ఆమె డ్యూటీ దిగి పడుకుంటే నేను చెప్పులు చేతపట్టుకుని బయటికి నడిచేవాణ్ణి. మామిడి తొక్కు సీసా మూత తీస్తే ఆ వాసనకు వరసగా తలుపులు తెరుచుకునేవి. ఓడ కదిలే ముందు గదిలో ప్రతి వస్తువునూ కట్టెయ్యాలి, లేకపోతే అలలకు ఎగిరిపడతాయి. ఆ సీసాను అల్మారా కమ్మీకి కట్టే పని నాది. బాపు నేర్పిన ముడి వేసేవాణ్ణి, చిన్నది, లాగినకొద్దీ బిగిసేది.

ఓడలో ఉండాలంటే ఎవరి లైఫ్ జాకెట్ నాడాలు వాళ్లే కట్టుకోవాలి, అది అక్కడి నియమం. అందుకే మా గది వేరేవాళ్లకు ఇచ్చి, సునందను ఒక్కదాన్నే రమ్మన్నారు. “నువ్వు లేంది నేనెట్ల పోత? నా నెత్తి మీద గురక పెట్టెటోడు ఉండద్దా?” అని నవ్వేసింది గానీ, ఆ ఓడంటే ఆమెకు ఎంత ప్రాణమో నాకు తెలుసు.

రోజూ పొద్దున ఆమె నా చేతిలో ఒక నాడా పెట్టి, నా వేళ్ల మీద తన చెయ్యి వేసి ప్రార్థించేది: “ప్రభువా, నువ్వు చేసిన చెయ్యే గదా ఇది. జర మళ్ల లేపు తండ్రీ. గా ఓడల మా ఇద్దరికి ఇంక పని ఉన్నదంటే, గీ ముడి పడనియ్యి.” ఆమేన్ అనగానే కళ్లు తెరిచి, “ఇగ కట్టు” అనేది. ముడి జారేది. “ఆయన పని ఆయన చేస్తడు, నీ పని నువ్వు చెయ్యి. మళ్ల కట్టు!” వానాకాలం పోయింది, చలికాలం పోయింది, కసరత్తు చేయించే డాక్టరు దగ్గరికి ఆటోలో తిరుగుతూనే ఉన్నాం. ఒకనాడు బొటనవేలు కదిలింది! ఇద్దరం వరండాలోనే మోకాళ్లూని ఏడ్చాం. తర్వాత చెంచా పట్టింది, గుండీ పట్టింది, కానీ ముడి మాత్రం ఒకనాడు పడితే నాలుగునాళ్లు జారేది. అలా ఉండగానే, చెయ్యి మెరుగవుతోందని సునంద రాస్తే ఓడవాళ్లు ఇద్దరినీ రమ్మన్నారు. బయలుదేరే ముందు డ్రిల్లులో నాడాలు కట్టుకోగలిగితే ఉంటాం, లేకపోతే ఇద్దరం దిగిపోవాలి.

దేవుని దయ చూడండి, మా పాత గదే దొరికింది! అదే ఇంజను హోరు, అదే రంగు వాసన. బట్టలు సర్దుతున్న సునంద ఆగిపోయింది. “ఇగో, ఇటు సూడు.” అల్మారా కమ్మీకి వెలిసిపోయిన దారం ముక్క, దాని మీద నా చేతి ముడి! మా తర్వాత ఉన్నవాళ్లు విప్పలేదో, విప్పలేకపోయారో. దాన్ని వేలితో తడుముతుంటే, సాంచల చప్పుడులో బాపు నా చెవి దగ్గర వంగి చెప్పిన మాట వినబడింది: “సూసుకుంట కట్టకు బిడ్డా, వేళ్లకు ఇడిసిపెట్టు.”

మర్నాడు పొద్దున డ్రిల్లుకు డెక్ మీద నిలబడ్డాం. సునంద తన నాడాలు కట్టేసుకుని, తన చేతులు నా వైపు రాకుండా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడింది. నా నాడా జారింది. మళ్లీ జారింది. అధికారి నా ముందే ఆగి ఉన్నాడు. “ప్రభువా” అన్నాను. చేతిని చూడడం మానేసి సముద్రం వైపు చూశాను. వేళ్లు వాటంతట అవే మెలిపెట్టాయి, చుట్టాయి, లాగాయి. అధికారి ముడి పట్టుకుని గుంజాడు. అది ఇంకా బిగిసింది! ఆయన తలూపి ముందుకు పోయాడు. దేవునికే మహిమ!

గదికి వచ్చాక సునంద ఆ ముడితో కుస్తీ పడుతూ, కళ్లు తుడుచుకుంటూ, “గిప్పుడు దీన్ని ఎవలు ఇప్పాలె? గట్లనే పండుకో ఇగ!” అంది.

ఈ మాటలు ఆ గదిలోనే కూర్చుని కుడి చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగానే ఉన్నాయి, ఉండనివ్వండి. తొక్కు సీసా పాత దారం పక్కనే కొత్త దారంతో కట్టి ఉంది. ప్రియులారా, మీ ఇంట్లో ఎవరైనా పనికిరాకుండా పోయిన తమ చేతినే చూసుకుంటూ కూర్చుని ఉంటే, నేనూ అలాగే కూర్చున్నానని చెప్పండి. చూపు ఆయన వైపు తిప్పమనండి, నమ్మి అడగమనండి, అడిగి నాడా మళ్లీ చేతిలోకి తీసుకోమనండి. నన్ను లేపిన దేవుడు వాళ్లనూ ఎరుగును! ఓడ కదులుతోంది. కింది మంచం నాకు వదిలి, సునంద పాట పాడుకుంటూ పై మంచం ఎక్కుతోంది. ఆయనకే స్తోత్రం.