మేగజీన్ మార్చే ఏడు సెకన్లు

మా వదిన, అంటే మా ఆయన అక్క, పదకొండేళ్ళుగా ట్రెజరీ తలుపు దగ్గర రైఫిలు పట్టుకుని నిలబడే గార్డు. ఆ జట్టులో ఆమె ఒక్కతే ఆడమనిషి. ఏడాదికోసారి వాళ్ళకు కాల్పుల పరీక్ష ఉంటుంది. నలభై గుళ్ళు, నలభై మార్కులు, ఇరవై ఎనిమిది వస్తే పాసు. కిందటేడు ఆమెకు ఇరవై ఆరే వచ్చాయి. వరసగా రెండోసారి తప్పితే తుపాకీ తీసేసుకుని, గేటు దగ్గర కూర్చోబెట్టి, వచ్చేపోయే బండ్ల నంబర్లు రాయమంటారు.

"రాయడమే ఇష్టమైతే చిన్నప్పుడు బడి ఎందుకు ఎగ్గొడతాను?" అంది వదిన.

ఆమె గురి ఫర్వాలేదు. నింపాదిగా కాల్చే మొదటి ముప్పై గుళ్ళలో ఎప్పుడూ ఇరవై రెండు తగులుతాయి. చిక్కంతా చివరి పదితోనే. వాటిని అరవై సెకన్లలో కాల్చాలి. మధ్యలో, ఐదు కాగానే, ఖాళీ మేగజీన్ తీసి నిండుది బిగించాలి. మేగజీన్ అంటే తుపాకీకి తగిలించే గుళ్ళ పెట్టె. ఆ సంగతి తెలియని మా అత్తయ్య, పూర్తిగా చదివాకే మార్చుకోవచ్చు కదా, అంత తొందరేమిటని అడిగింది.

నెలరోజుల ముందు వదిన వడ్రంగి చేత ఒక చెక్క తుపాకీ, రెండు చెక్క మేగజీన్లు చేయించుకుంది. పొద్దుటి డ్యూటీ దిగి, మధ్యాహ్నం మా ముందుగదిలో సాధన చేసేది. నేను చదివింది భౌతికశాస్త్రం. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ఆ వేళకు మా ఎనిమిది నెలల పాప లోపలి గదిలో నిద్రపోతుంటుంది. అందుకే మొదటిరోజే నేల మీద బొంత మడతపెట్టి వేసి, తీసిన మేగజీన్ చప్పుడు కాకుండా దాని మీద పెట్టమన్నాను.

మార్చడానికి ఏడు సెకన్లు పట్టింది. రెండు వారాలైనా ఏడే. ఈలోగా వాళ్ళు కాల్పులు సాధన చేసే మైదానంలో, అంటే రేంజిలో, నమూనా పరీక్ష పెట్టారు. గడువు ముగిసిన ఈల పడేసరికి వదిన తుపాకీలో ఒక గుండు మిగిలిపోయింది. మేగజీన్ మార్చాక కంగారులో కాల్చిన నాలుగూ గురి అట్టను తాకనే లేదు. ఖాళీ మేగజీన్ ఏమైనా గాజు సామానా అమ్మా, అంత పదిలంగా దించుతున్నావని శిక్షకుడు అందరి ముందూ అన్నాడట. ఇంటికొచ్చి చెబుతుంటే ఆమె మొహం కందగడ్డలా ఉంది.

మర్నాడు ఆ ఏడు సెకన్లనూ ముక్కలు చేసి కొలిచాను. తీయడానికి ఒకటి, కొత్తది బిగించడానికి మూడు, పాతది కింద పెట్టడానికి మూడు. ముందు నా వేలే ఆలస్యంగా నొక్కుతోందనుకున్నాను. పదిసార్లు కొలిచినా అదే లెక్క. వదిన చెయ్యి మెల్లగా బొంత మీదికి వంగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తిరిగొస్తోంది. రేంజిలో బొంతా లేదు, పాపా లేదు. అలవాటు మాత్రం చేతితోపాటు వెళ్ళింది. ఆ అలవాటు నేర్పింది నేను.

బొంత తీసేశాను.

"పడేయండి వదినా."

"బుడ్డది లేస్తుంది."

"లేవనీండి."

"నువ్వేనా ఈ మాటనేది? మా అమ్మ మిక్సీ వేసిందని రెండు రోజులు మూతి ముడుచుకున్నదానివి."

చెక్క మేగజీన్ నేల మీద పడి ఠక్కుమంది. పాప గుక్కపట్టింది. నేను దాన్ని భుజాన వేసుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకున్నాను. నిద్ర చాలకపోతే బరువు పెరగదేమోనని ఒక పక్క మనసు పీకుతూనే ఉంది. అయినా ఆపలేదు. వదిన చెయ్యి మాత్రం మాట వినలేదు. నాలుగు రోజులు, పడేయబోయి దించింది. ఐదోరోజు వదిలేసింది. నాలుగు సెకన్లు. పాప మాత్రం పడిన ప్రతిసారీ ఏడ్చింది.

పరీక్షరోజు సాయంత్రం వదిన నేరుగా మా ఇంటికే వచ్చి, బూట్లు విప్పుతూ చెప్పింది. ఐదో గుండు కాగానే మేగజీన్ వదిలేసిందట. అది రాయి మీద పడ్డ చప్పుడుకు పక్కవాడు ఉలిక్కిపడ్డాడట. ఈల పడేలోపు పదీ అయిపోయాయి. మొత్తం ఇరవై తొమ్మిది.

"ఒక్కటేనా ఎక్కువ?" అంది అత్తయ్య.

"తలుపు దగ్గర నిలబడటానికి అది చాలమ్మా," అని, వదిన పొద్దుటి డ్యూటీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకోవాలంటూ లేచింది.