చిన్నమ్మ నాలుకకు పట్టిన పైపు

కిందటి నెల కొత్తకోట నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అమ్మ పోయిందక్కా" అన్నాడు. తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. జ్వరమని దవాఖానలో చేరి, ఇంటికి పంపమని డాక్టర్లతో పేచీ పెట్టుకుంటూనే పోయిందట. ఆ పేచీ సంగతి విని ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చింది. నోరు మూసుకుని ఏ పనీ చేసిన మనిషి కాదు మా చిన్నమ్మ. కార్లు బాగుచేసే తన షెడ్డులో ఆమె మాట్లాడితే హైవే అవతల దాబాలో చాయ్ తాగేవాళ్లు జవాబు చెప్పేవారు.

ఆ షెడ్డును మొదట అద్దెకు తీసుకుని నడిపింది మా చిన్నాయన. ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆమె పానా పట్టుకుని చేసేది. ఎదురు మాట్లాడుతూనే చేసేది. పోనుపోను ఆయన చెప్పడం మానేసి ఊరికే తలూపడం మొదలుపెట్టాడు. చీర మీద చిన్నాయన పాత చొక్కా, దవడకు ఎప్పుడూ ఒక వక్కపలుకు. ఏ బండి వచ్చినా వెంటనే బానెట్ ఎత్తనిచ్చేది కాదు. ఎప్పుడు మొరాయిస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది అని నడిపేవాళ్లను పోలీసులా అడిగేది. "బండి కత మొత్తం ఇన్నంకనే పానా పట్టాలె" అనేది.

చిన్నాయన పోయాక షెడ్డు యజమాని వచ్చాడు. పల్లీల వ్యాపారి, అందరూ సేటు అంటారు. మంచివాడే, కానీ షెడ్డును ఇంకో దాబా పెట్టుకోవడానికి ఇస్తానని ఎవరికో మాటిచ్చేశాడు. ఆదివారమని వనపర్తి నుంచి వచ్చి నేనూ అక్కడే ఉన్నాను.

"ఆడమనిషి బాగుచేసిన బండిని హైవే మీదికి ఎవరు తీస్కపోతరు చెల్లె? తాళం ఇచ్చెయ్" అన్నాడాయన.

షెడ్డు పోతే ఆమెకు కూలిపనే దిక్కు. తమ్ముడింకా చదువుకుంటున్నాడు. చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమేమో సేటు కారు వంక చూస్తోంది. ఆ కారు సంగతి కొత్తకోటంతా తెలుసు. బయలుదేరేటప్పుడు బాగానే లాగుతుంది, లారీని దాటబోతే మాత్రం అరుస్తుందే గాని ఉరకదు. ఒక మెకానిక్ క్లచ్ మార్చాడు. ఇంకొకాయన ఇంజను విప్పాలన్నాడు.

చిన్నమ్మ తాళం తెచ్చి సేటు చేతిలో పెట్టింది. "పగటికల్ల నీ బండి బాగు చేస్త. చేస్తె తాళం నాకియ్యి. కాకుంటె తీస్కపో సేటు, నేనేం మాట్లాడ."

సేటు సరేనని తాళం జేబులో వేసుకున్నాడు. చిన్నమ్మ నన్ను కారు సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ తొక్కమంది. నాకు డ్రైవింగ్ రాదు మొర్రో అన్నా వినలేదు. నేను తొక్కుతుంటే ఆమె ఇంజను పక్కన ఒక చిన్న కమ్మీనే చూస్తోంది. అది కదల్లేదు. తర్వాత నాకు విడమరిచి చెప్పింది. గాలి ఇంజన్లోకి పోవడానికి రెండు దార్లుంటాయట. నిదానంగా పోయేటప్పుడు పొడుగు దారి, ఉరికేటప్పుడు పొట్టి దారి. దారి మార్చే రేకు తలుపును ఆ కమ్మీ తిప్పుతుంది. కమ్మీని లాగేది రబ్బరు పొర ఉన్న చిన్న డబ్బీ. ఇంజను పీల్చే పీల్పే సన్నటి పైపు గుండా వచ్చి ఆ పొరను లాగుతుంది. తలుపు తిరగకపోతే ఉరికే బండికి ఊపిరి చాలదు.

తలుపు బిగుసుకుందా, పొర చినిగిందా, పీల్పు అందడం లేదా? కమ్మీని వేలితో కదిపితే హాయిగా తిరిగింది. ఇంజను ఆపించి, వక్క ఉమ్మేసి, నోరు పుక్కిలించింది. "ఇంజనుకు వక్క అలవాటు చెయ్యొద్దు" అని నాతో అంటూ డబ్బీకి శుభ్రమైన పైపు తొడిగింది. రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చి, నాలుకతో మూసింది. కమ్మీ కదిలి అట్లాగే నిలబడింది. చెయ్యి వదిలేసినా పైపు ఆమె నాలుకకు వేలాడుతూనే ఉంది. పైపు అట్లా పట్టిందంటే పొర బాగున్నట్టే, చినిగి ఉంటే ఊడి పడేదే. ఏమైందని సేటు అడుగుతుంటే చిన్నమ్మ రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఆమె మాట్లాడకుండా జవాబు చెప్పడం నేను చూసింది అప్పుడే.

ఇక మిగిలింది పాత పైపు. మళ్లీ నాతో తొక్కించింది. ఇంజను వైపు మొదట్లో వేలు పెడితే పీల్పు ఉంది, డబ్బీ వైపు కొసన లేదు. ఊడబీకి వంచి చూస్తే అడుగున ఎలుక కొరికిన గాటు. ఎండకు రంగు పోతుందని సేటు కారును గోదాములో పల్లీల బస్తాల పక్కన పెట్టేవాడు మరి.

కొత్త పైపు వేసి హైవే ఎక్కాం. సేటు నడిపాడు, చిన్నమ్మ పక్కన, నేను వెనక. పెబ్బేరు వైపు ఒక లారీ, దాని ముందు ఇంకో లారీ. సేటు తొక్కాడు. నా వీపు సీటుకు అంటుకుంది. రెండు లారీలూ వెనకబడ్డాయి. చిన్నమ్మ కిటికీలోంచి లారీ డ్రైవర్లకు చెయ్యి ఊపింది.

షెడ్డుకు తిరిగొచ్చాక సేటు జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. దాబాకు వేరే జాగా చూస్తానన్నాడు. చిన్నమ్మ నేరుగా బస్టాండుకు పోయి, కనబడ్డవాళ్లందరికీ ఈ కథ చెప్పింది. నేను సిగ్గుపడి కొంగు పట్టి లాగాను.

"ఓడిపోతె ఊరంత చెప్పుకుంటుండె. గెలిస్తె నేను చెప్పుకోవద్దా?" అంది.

ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నాకు ఉద్యోగం వచ్చిన రోజు వనపర్తి బజారంతా తిరిగి నేనే చెప్పుకున్నాను.

పెద్దకర్మ మర్నాడు షెడ్డు తెరిచాం. ఆమె లేని షెడ్డు నడుస్తుందా అని కొందరు గొణుగుతున్నారు. తల నెరిసిన సేటు వచ్చి చిన్నాయన కుర్చీలో కూర్చున్నాడు. గద్వాల నుంచి ఒక కారు వచ్చింది, లారీని దాటలేకపోతోందట. చదువయ్యాక తల్లి దగ్గరే పని నేర్చుకున్న తమ్ముడు కత మొత్తం విని బానెట్ ఎత్తాడు. వాడికి వక్క అలవాటు లేదు. అయినా నోరు పుక్కిలించి, పైపు తొడిగి పీల్చాడు. కమ్మీ కదిలి నిలబడింది. ఏమైందిరా అని సేటు అడిగితే, వాడు తడి కళ్లతో రెండు చేతులూ పైకెత్తాడు.

నాకు ఆగలేదు. హైవే అవతలికి వినబడేలా, "పట్టింది!" అని అరిచాను.

దాబాలోంచి ఎవరో ఏం పట్టిందని అడిగారు. వాడి నాలుకకు పైపు ఇంకా వేలాడుతూనే ఉంది.