కార్తీక సోమవారం నాటి సెలక్షన్లు

ఈ అమ్మమ్మ వాలీబాల్ ఆడిందంటే మొన్న ఫోన్లో తెగ నవ్వావు కదా నాన్నా. ఆడాను. కానీ మా గుంటూరు కాలేజీలో ఆటంటే నాది కాదు, మా ఊరమ్మాయిది. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం. అది నెట్ దగ్గర ఎగిరి కొట్టిందంటే అవతలివాళ్ళు మొహానికి చేతులడ్డం పెట్టుకునేవాళ్ళు.

వాళ్ళ నాన్న పత్తీ మిర్చీ వేసేవాడు. యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటే చదివిస్తా, లేకపోతే మానిపిస్తా అన్నాడు. వాళ్ళమ్మ శివుడికి మొక్కుకుంది. సెలక్షన్లు కార్తీక సోమవారం పడేసరికి, ఆవిడకది మంచి శకునం అనిపించింది. చుక్క కనిపించేదాకా మంచినీళ్ళైనా ముట్టనని కూతురి దగ్గర మాట తీసుకుంది.

ఆ రోజు ముందు పరుగు పెట్టించారు. తర్వాత వేళ్ళకి సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన ఎగిరి అంటించమన్నారు. ఎంత ఎత్తున మరక పడితే అంత ఎగిరినట్టు. పరుగుకే దాని పెదాలు ఎండిపోయాయి. గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళి, శివుడేమీ అనుకోడే, ఒక్క గుక్క తాగు అన్నాను.

"శివుడు అనుకోడు. మా అమ్మ అనుకుంటది" అంది.

రోజూ అందే చోటికి జానెడు కిందే ఆగిపోయింది చెయ్యి. మళ్ళీ ఎగిరితే ఇంకా కిందకి. గోడ దగ్గర నెగ్గినవాళ్ళకే బంతి కొట్టే పరీక్ష. ఒక్క బంతి కొట్టనివ్వండి సార్ అని అడిగింది. సెలక్షన్లు చేస్తున్న ఆయన మంచాయనే, అందరికీ ఒకటే కొలతమ్మా అన్నారు. ఉపవాసమని చెప్పవే అని గిల్లినా చెప్పలేదు. నన్ను తీసుకున్నారు. సంతోషపడ్డానికి మొహం చెల్లలేదు.

ఊళ్ళో బస్సు దిగేసరికి చుక్కలొచ్చేశాయి. వాళ్ళమ్మ దీపం పెట్టి, వంట చేసి, గుమ్మంలో నిలబడి ఉంది. మా మొహాలు చూడగానే ఆవిడకి అర్థమైపోయింది.

"నీరసం వచ్చిందా అమ్మా? నా వల్లేనా?"

నేను నోరు తెరవబోతే అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీరసమేం లేదమ్మా. నాకు ఆట అంత రాదు. నాకన్నా బాగా ఆడేవాళ్ళు చాలామంది వచ్చారు."

ఆవిడ నమ్మింది. మంచం మీద కూర్చున్న వాళ్ళ నాన్న కూడా నమ్మాడు. ఆ మాత్రం దానికి గుంటూరు దాకా ఎందుకులే అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అది కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చుంది. మర్నాడు పొద్దున్నే పత్తి తీయడానికి చేలోకి వెళ్ళిపోయింది.