పోర్ట్ బ్లెయిర్‌లో వాన, చెన్నైలో హాల్ట్

1999 వేసవి. అప్పటి కొండాపూర్ ఇప్పటిలా లేదు. రోడ్డుకు అటూ ఇటూ బండరాళ్లు, మధ్యమధ్యలో సగం కట్టి వదిలేసిన ఇళ్లు, లారీ పోతే చాలు కళ్లలో పడే దుమ్ము. కాస్త అవతల హైటెక్ సిటీ భవనాన్ని కొత్తగా తెరిచారు. దాన్ని నమ్ముకుని, చందానగర్‌లో మా ఇంటి ముందుగదిలో నడుపుకుంటున్న ట్రావెల్ ఏజెన్సీని కొండాపూర్‌కు మార్చాను. ఒక గది, ఒక టేబులు, ఒక ఫోను, చప్పుడే తప్ప చల్లదనం ఇవ్వని కూలరు. రైలు టికెట్లు, విమానం టికెట్లు, హోటల్ బుకింగులు, అదీ నా వ్యాపారం.

నేను పుట్టు అనుమానం మనిషిని. "నువ్వు పోలీసోనివి కావలసినోనివి, తప్పిపోయి టికెట్లు అమ్ముతున్నవ్" అనేది మా ఆవిడ. కానీ ఈ పనిలో అనుమానం బాగా పనికొస్తుంది. టికెట్ కొనేవాడు ఎక్కడికి పోతున్నాడో చెబుతాడు కానీ, ఎందుకు పోతున్నాడో నిజం చెప్పాలని ఎక్కడా లేదు.

అందులోనూ ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లు చెన్నై టికెట్ అడిగితే ఒకటే అర్థం, స్టాంపింగ్. అంటే అమెరికా వీసా ముద్ర. దానికోసం చెన్నై వెళ్లి లైన్లో నిలబడాలి. పనిచేస్తున్న కంపెనీకి తెలిస్తే ఉద్యోగానికే ఎసరు, కాబట్టి అక్క పెళ్లనో బాబాయి కూతురి నిశ్చితార్థమనో చెప్పి వెళ్లేవారు. నా దగ్గర చెన్నై టికెట్లు కొన్నవాళ్లు చెప్పిన పెళ్లిళ్లన్నీ నిజమే అయితే ఆ ఏడాది చెన్నైలో కల్యాణ మండపం దొరకడం గగనమయ్యేది.

అలాంటి రోజుల్లో సురేశ్, మాధవి నా దగ్గరికి వచ్చారు. అతనిది ప్రొద్దుటూరు, ఆమెది విజయవాడ. కంప్యూటర్ కోర్సులో కలిసి చదువుకుని ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. అతను దగ్గర్లోనే ఒక కంపెనీలో ప్రోగ్రామర్, ఆమె చందానగర్‌లో ఒక బడిలో టీచరు. పెళ్లయి రెండేళ్లయినా ఇద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్లలేదట. అండమాన్ వెళ్లాలని ఆమె కోరిక.

"మేడం, మే ఆఖర్ల అక్కడ వానలు మొదలైతయి" అన్నాను. "రుతుపవనాలు మనకన్న ముందు వాళ్లకే వస్తయి. డిసెంబర్ల పోరాదుండ్రి."

"డిసెంబర్లో నాకు సెలవులెక్కడివండీ? ఈయనకైతే డిసెంబరు దగ్గరపడేకొద్దీ ఊపిరాడదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయట కదా, ఆ పనే రాత్రింబవళ్లూ" అందామె. "వాన పడితే పడనివ్వండి. గొడుగు పట్టుకెళ్తాం."

ఆమె ఉత్సాహం చూస్తే నాకు ముచ్చటేసింది. గోడకున్న మ్యాపు దగ్గరికి వెళ్లి, పోర్ట్ బ్లెయిర్ ఎక్కడుందో వేలు పెట్టి అతనికి చూపించింది.

మర్నాడు సురేశ్ ఒక్కడే వచ్చాడు. "అన్నా, వచ్చేటప్పుడు చెన్నైలో రెండ్రోజులు హాల్ట్ పెట్టన్నా" అన్నాడు. హాల్ట్ అంటే దారిలో దిగి ఆగడం. ఇక్కణ్నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు చెన్నై మీదుగానే పోవాలి. పోయేటప్పుడు అక్కడ ఒక రాత్రి ఆగక తప్పదు. కానీ తిరిగి వచ్చేటప్పుడు అదే రోజు హైదరాబాద్‌కు కనెక్టింగ్ ఫ్లైట్ ఉంది. ఆ మాటే చెప్పాను.

"తెలుసన్నా. మాధవికి పట్టుచీరలు కొనియ్యాల. తనకు చెప్పొద్దు, సర్‌ప్రైజ్."

నా ముక్కుకు ఏదో వాసన తగిలింది. కానీ పెళ్లానికి చీర కొంటానన్న మొగుణ్ని నిలదీసే హక్కు నాకెక్కడిది? రెండు రోజులు హాల్ట్ పెట్టి టికెట్లు రాశాను. వాళ్లు వెళ్లారు.

తిరుగు ప్రయాణం నాడు సురేశ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "అన్నా, ఫ్లైట్ క్యాన్సిల్ అయిపోయింది. ఒకటే వాన కొడతా ఉంది. మళ్లా ఎప్పుడో చెప్పడంల్యా. మా ఆఫీసుకు లైన్ కలవడంల్యా, నువ్వు ఫోన్ చేసి జెప్పన్నా."

సరేనన్నాను. కానీ నా చెవి అతని మాట మీద లేదు, వెనకాల వినబడే మాటల మీద ఉంది. ఎవరో ఇద్దరు గట్టిగా అరవంలో వాదించుకుంటున్నారు. ఇంకెవరో టీ కావాలని అరవంలోనే కేకేశాడు. వాన చప్పుడు మాత్రం లేదు. ఇంకేముంది, కుర్రాడు చెన్నైలోనే ఉన్నాడని తేల్చేసుకున్నాను. పోర్ట్ బ్లెయిర్ మొహం కూడా చూశాడో లేదో అనుకున్నాను.

అయినా చెప్పమన్న మాట వాళ్ల ఆఫీసుకు చెప్పాను. గంట తిరక్కుండా వాళ్ల మేనేజర్ ప్రసాద్ గారు చెమటలు తుడుచుకుంటూ నా గదిలోకి వచ్చారు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడే కానీ ఆ వేళ మొహం ధుమధుమలాడుతోంది.

"ఏవండీ, బయట రోడ్డు మీద గుడ్డు కొడితే ఆమ్లెట్ అయ్యేట్టుంది. వీడేమో వానంటున్నాడు. నేను నమ్మాలా?"

"అండమాన్‌ల వానలు ముందే పడుతయి సార్."

"అదంతా నాకెందుకండీ? ఈ నెల్లోనే మా వాళ్లిద్దరు పెళ్లిళ్లని చెప్పి చెన్నైలో స్టాంపింగ్ లైన్లో దొరికారు. ఈ ప్రాజెక్టు డెలివరీకి సురేశ్ లేకపోతే నా మెడ మీద కత్తి. మీరే టికెట్లిచ్చారు కదా, ఉన్నమాట చెప్పండి. వాడు చెన్నైలోనే ఉన్నాడా? అబద్ధమని తేలితే ఇవాళే తీసేస్తాను."

నా దగ్గర రెండు సంగతులున్నాయి. ఒకటి ఫోనులో విన్న అరవం, రెండోది చెన్నై హాల్ట్. అందులో ఏ ఒక్కటి చెప్పినా ఆ కుర్రాడి ఉద్యోగం ఊడుతుంది. నాకు అనుమానం ఎక్కువే కానీ, అనుమానానికీ సాక్ష్యానికీ తేడా తెలుసు. పైగా ఒక కస్టమర్ ప్రయాణం సంగతి ఇంకొకరికి చెప్పడం మా పనిలో కూడని పని. "టికెట్ అయితే పోర్ట్ బ్లెయిర్‌కే ఇచ్చిన సార్. ఇగ మనిషి ఏడున్నడంటే నేనెట్ల చెప్త?" అన్నాను. ఆయన కూలర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. లేచే సూచనలు కనబడలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఈసారి మాధవి. "మల్లేశం గారూ, ఆఫీసుకు చెప్పారా అండీ? ఈయన తెగ కంగారు పడిపోతున్నారు."

"చెప్పిన మేడం. ఆ బూత్ నంబరు జర చెప్పుండ్రి. నేనే మల్ల చేస్త."

ప్రసాద్ గారి కళ్ల ముందే పోర్ట్ బ్లెయిర్ ఎస్టీడీ కోడు నొక్కి ఆ నంబరు కలిపాను. చెన్నై కోడు ఆయనకు కంఠతా వచ్చు, ఇది అది కాదు. నేను నొక్కే ప్రతి అంకెనూ టేబులు మీదికి వంగి మరీ చూశారు. చాలాసేపు గరగరలాడి లైను కలిసింది. అవతల ఫోనెత్తిన బూత్ వాడిది శ్రీకాకుళం యాస.

"ఎవులు బాబూ? ఐద్రాబాదా? అమ్మాయిగోరు ఈడే ఉన్నారు. తడిసి ముద్దయిపోనారు పాపం."

"వాన పడుతుందా అన్నా అక్కడ?"

"పడతందా ఏటి బాబూ! రేత్రంతా ఒగ్గనేదు. ఇందాకే కూసింత తెరిపిచ్చినాది. ఇమానం వొచ్చినట్టే వొచ్చి, దిగనేక ఎనక్కెలిపోనాది."

"మరి ఇందాక ఫోన్ల విన్న ఆ అరవం మాటలేంది?" అని గొంతు తగ్గించి అడిగాను.

"ఇక్కడ అరవోల్లు బోలెడుమంది బాబూ. మనోల్లూ ఉన్నారు, బెంగాలోల్లూ ఉన్నారు. ఏటి, మీకు నమ్మకం నేదా?"

నా మొహం చిన్నబోయింది. రిసీవర్ ప్రసాద్ గారికి ఇచ్చాను. అవతల ఫోను అందుకున్న మాధవి గొంతు ఆ చిన్న గదిలో నాకూ స్పష్టంగా వినబడింది. "సార్, మా ఆయన మీద అనుమానముంటే నన్నడగండి. నేను చెబుతున్నాను కదా, ఆయనకి అబద్ధం చెప్పటం రాదండీ. వాన ఆగిన మరుక్షణం బయల్దేరతాం. నా మాట మీద నమ్మకముంచండి, ఆయన ఉద్యోగం మాత్రం తియ్యకండి."

ప్రసాద్ గారు మెత్తబడ్డారు. "సరేనమ్మా, జాగ్రత్తగా రండి. సురేశ్‌ని కంగారు పడొద్దనండి" అని ఫోను పెట్టేశారు. వెళ్తూ వెళ్తూ, "అంత గట్టిగా చెప్పే భార్య ఉంటే వాడికేం తక్కువండీ" అన్నారు. ఆయన మనసు తేలికపడింది. నేను కూడా సిగ్గుపడి, ఇకనైనా మనుషుల్ని నమ్మడం నేర్చుకోవాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు ఒక్క రోజు కూడా నిలవలేదు. మర్నాడు పొద్దున్నే సురేశ్ ఫోను. "అన్నా, రేపు ఒక ఫ్లైట్ రావచ్చంటా ఉండారు. ఎట్లన్నా చేసి నన్ను చెన్నైకి చేర్చన్నా."

"మీ సార్ ఒప్పుకున్నడు కదా, ఫికర్ ఎందుకు? ఇద్దరికీ సీట్లు దొరకంగనే సీద హైదరాబాద్‌కే చేస్త."

"హైదరాబాద్ కాదన్నా, చెన్నైకే. రెండు సీట్లు లేకపోతే నాకొక్కనికే చూడు. మాధవి తర్వాతి దాంట్లో వచ్చినా పర్వాలేదు."

కొత్త చోట, ఆ వానలో పెళ్లాన్ని వదిలేసి వచ్చి కొనే పట్టుచీర ఎలాంటిదో నాకు అర్థం కాలేదు. అర్థమైందని ఒప్పుకోవడానికి మనసొప్పలేదంటే సరిగ్గా ఉంటుంది. "ఒక్క సీటు దొరకదు సార్, ఇద్దరు కలిసే రండ్రి" అన్నాను. అసలు నేను సీటు వెతకనే లేదు. మర్నాడు ఆ విమానమూ దిగలేదు. వాన తగ్గాక, వారం చివరికి, ఇద్దరినీ ఒకే విమానంలో చెన్నైకి చేర్చాను.

వాళ్లు వచ్చిన కొన్నాళ్లకు మాధవి ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. ఎండన పడి వచ్చింది కదాని మంచినీళ్లిస్తే, గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

"మల్లేశం గారూ, ఒక్క మాట అడుగుతాను. చెన్నైలో దిగాక ఈయన ఏదో ఫైలు పట్టుకుని ఒక్కరే వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చారు. నేను గట్టిగా అడిగితే స్టాంపింగ్ కోసమని చెప్పారు. అమెరికా పంపే కంపెనీ వీళ్ల బ్యాచ్‌కి ఇచ్చిన రోజు దాటిపోయిందట. ఎలాగూ చెన్నైలో దిగాం కదాని అప్పటికప్పుడు అనుకుని వెళ్లానంటున్నారు."

నేను తలూపాను.

"తిరుగు ప్రయాణంలో రెండు రోజుల హాల్ట్ ఉంది కదా, అది మీరే పెట్టారట. ఆ రోజు కనెక్టింగ్ ఫ్లైట్ లేదని మీరు చెప్పారట. నిజమేనా అండీ?"

ఆమె అడుగుతున్నది ఫ్లైటు గురించి కాదని నాకు తెలుసు. ఆ ప్రయాణం తన కోసం పెట్టుకున్నదా, లేక స్టాంపింగ్‌కు తనని అడ్డం పెట్టుకున్నారా, అదీ ఆమె తేల్చుకోవాలనుకుంటున్నది. అవును, నేనే పెట్టానని ఒక్క మాట అంటే గొడవ లేకుండా ఇంటికి వెళ్లిపోయేది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ టికెట్ మీద ఆమె పేరు కూడా ఉంది. ప్రసాద్ గారికి చెప్పకపోవడం వేరు, ఈమెకు చెప్పకపోవడం వేరు.

"ఫ్లైట్ ఉండె అమ్మా" అన్నాను. "సారే వచ్చి హాల్ట్ పెట్టమన్నడు. మీరు బయల్దేరక ముందే. మీకు పట్టుచీరలు కొనిస్తనన్నడు, మీకు చెప్పొద్దన్నడు."

"పట్టుచీరలా?" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను. "నాకు పట్టు పడదండీ. కడితే ఒళ్లంతా దద్దుర్లొస్తాయి. పెళ్లిలో కట్టుకుని నేను పడ్డ అవస్థ ఆయన పక్కనే కూర్చుని చూశారు."

చేతిలోని గ్లాసు వైపు చూసింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "ఆయనకి అబద్ధం రాదని ప్రసాద్ గారికి నా నోటితో నేనే చెప్పాను."

"వానల చిక్కుకున్నది నిజమే కదమ్మా. ఆ మాట అబద్ధం కాదు."

"వాన నిజమేనండీ" అంటూ లేచింది. "అక్కడ కరెంటు లేదు, ఎటూ పోయే దారి లేదు. కిటికీ దగ్గర కూర్చుని పేకాడుకున్నాం, కబుర్లు చెప్పుకున్నాం. ఆయన కంగారంతా ఆఫీసు గురించే అనుకుని నేనే ధైర్యం చెప్పాను. ఆ వాన ఇంకో వారం పడినా బాగుండేదండీ."

నీళ్లు తాగకుండానే గ్లాసు టేబులు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం నాకు పని సాగలేదు. నా అనుమానం నిజమైన రోజుల్లో మా ఆవిడకు గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఆ వేళ ఇంటికి వెళ్లాక కూడా నోరు విప్పలేదు. వాన అబద్ధమని నేననుకున్నాను, మనిషి నిజమని ఆమె అనుకుంది. ఇద్దరమూ పొరబడ్డాం, కానీ నష్టపోయింది ఆమె.

సురేశ్ ఉద్యోగం నిలిచింది. ఆమె మాటే నిలబెట్టింది. వాళ్ల సంసారం ఎలా ఉందని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. నా పనిలో మాత్రం ఒక పద్ధతి మార్చుకున్నాను. ఆ తర్వాత భార్యాభర్తలకు టికెట్ రాస్తే ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టే ఇస్తున్నాను. ఎక్కడ ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగుతారో మొత్తం పైకి చదివి వినిపిస్తాను. చదువుతుండగా ఇద్దరిలో ఎవరైనా మొహం పక్కకు తిప్పుకుంటే, అక్కడ ఆగి ఆ ముక్క ఇంకోసారి చదువుతాను.